చిరాగ్‌పల్లి మలుపు దగ్గరి కేక

మా ఊరి కంపౌండర్ సాబ్ మంగళవారం తెల్లవారుజామున ఐదుంబావుకు, జహీరాబాద్ దవాఖానలో, తాను రోజూ మందులిచ్చిన వార్డులోనే పోయాడు. మంగళవారం ఆయన చిరాగ్‌పల్లి దాకా పరుగెత్తే రోజు. మామూలుగానైతే ఆ వేళకు బూట్ల తాళ్లు బిగించుకుని దవాఖాన గేటు దగ్గర నిలబడి, మెడ అటూ ఇటూ తిప్పుతూ ఉండేవాడు.

జబ్బు కాలేయానిది. మూడు నెలల కింద కళ్లు పచ్చబడ్డప్పుడు అద్దంలో చూసుకుని ముందుగా కనిపెట్టింది ఆయనే. బస్టాండు హోటళ్లలో ‘ఉరికి ఉరికి పోయిండు’ అనే మాట బుధవారం నుంచే మొదలైంది కాబట్టి డాక్టర్‌ను అడిగి రాస్తున్నాను: పరుగుకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు. అడగకుండానే డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పాడు. చివరి రోజు దాకా ఆయన గుండె పడుచువాడి గుండెలాగే కొట్టుకుందట.

మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. నేను హైదరాబాద్ పత్రిక ఒకదానికి ఇక్కడి నుంచి వార్తలు పంపేవాణ్ని. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది నాకు గుర్తు లేదు. ‘పేపరాయనా’ అనేవాడు. పొద్దున పళ్లు తోముకుంటూ గోడ మీదుగా మాట్లాడుకోవడం మాకు అలవాటు. ఆయన పరుగు సంగతులు నాకు చాలావరకు ఆ గోడ మీదుగా వచ్చినవే. కొన్ని మాత్రం కళ్లారా చూశాను.

పరుగు మొదలైంది హైదరాబాద్‌లో. డెబ్బైల నడుమ ఒక చలికాలం. దవాఖాన మందుల కోసం వెళ్లి, పని ఆలస్యమై రాత్రి అక్కడే ఆగిపోయాడు. ఆదివారం పొద్దున రోడ్డు దాటబోతే పోలీసు ఆపాడు. ఎదురుగా పరుగు పందెం పోతోంది. మర్నాడు గోడ మీదుగా ఆయన చెప్పిన మాటలు ఇవి.

“పేపరాయనా, పెద్ద పెద్ద మనుషులు ఉరుకుతున్రు. తలకాయ నెరిసినోళ్లు గూడ. ఎనుక చూస్తే ఎవ్వడు తరుముత లేడు! పోలీసోళ్లు ఉన్నరు గని పట్టుకుంట లేరు!”

“మరి ఎందుకు ఉరుకుతున్రట?”

“ఒకాయనను అడిగిన. ఉరుక్కుంటనే నవ్విండు, చెప్పలే. ఛాతి మీద నంబరు కట్టుకున్నడు, గింత పెద్దది. గా నంబరు నాకు గూడ కావాలె.”

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. ఆ నంబరు అడిగితే ఇచ్చేది కాదని తర్వాత విచారిస్తే తెలిసింది. ఎక్కడికక్కడ పందేలు పెట్టి, ముందు వచ్చిన వాళ్లనే ఆ పెద్ద పందానికి పిలిచేవారు. అప్పటికి ఆయన వయసు ముప్ఫై ఐదు దాటింది. బడిలో కూడా ఎన్నడూ పందెంలో పరుగెత్తిన మనిషి కాదు.

దవాఖాన ఖాకీ ప్యాంటు పాతది ఒకటి మోకాళ్ల పైకి కత్తిరించుకున్నాడు. కాన్వాసు బూట్లు కొన్నాడు. దవడన ఒక అల్లం ముక్క పెట్టుకుని హైవే ఎక్కాడు. అల్లం ఎందుకంటే, నోరు ఎండదు, ఊపిరి తెరుచుకుంటది అనేవాడు. చుట్టూ అల్లం పండే చోట పుట్టినవాడికి దొరికిన మందు అది.

ఆ రోజుల్లో మా దగ్గర ఎదిగిన మనిషి కారణం లేకుండా పరుగెత్తడు. బస్సు కదిలితే పరుగెత్తుతాడు. ఎద్దు తాడు తెంపుకుంటే పరుగెత్తుతాడు. చెరుకుతోట అంటుకుంటే పరుగెత్తుతాడు. అందుకే మొదటి వారమే హుమ్నాబాద్ బస్సు డ్రైవర్ ఆయన పక్కన బండి ఆపాడు.

“ఎక్కున్రి సాబ్, మీ కోసమే ఆపిన.”

“నేను ఎక్కేది లేదు. పోనీయి.”

“మరెందుకు ఉరుకుతున్రు?”

“ఊకెనే.”

కండక్టర్ కిటికీలోంచి తల బయటపెట్టి చూసి, “పోనీయన్నా, మందులిచ్చేటాయన, ఏదో రుచి చూసినట్టుంది” అన్నాడట. బస్సంతా నవ్వింది. ఆయన భార్యను నేను వదిన అంటాను. ఇంట్లో ఆమె మాట కూడా దానికి తక్కువేం కాదు. “లగ్గమైనప్పుడు నడుస్తుండె. గిప్పుడు ఉరుకుతుండు. ముసలితనంల ఎగురుతడేమో, గోడలు జర ఎత్తు లేపున్రి” అని నాకే చెప్పింది.

చిరాగ్‌పల్లి దాకా మొదటిసారి వెళ్లిన రోజు జరిగింది అర్థం కావాలంటే రెండు సంగతులు తెలియాలి.

ఒకటి, అప్పట్లో చావు కబురును ఊరికి మనిషే తెచ్చేవాడు. తెల్లవారకముందే బయలుదేరి, ఎక్కడా ఆగకుండా, ఎవరితో మాట్లాడకుండా వచ్చేవాడు. రెండు, దవాఖానలో వార్డు తలుపు దగ్గరికి వచ్చి బయట కూర్చున్న వాళ్లకు సంగతి చెప్పేది కంపౌండర్ సాబే. మంచి కబురైతే పేరు పెట్టి పిలిచి చెప్పేవాడు. కాకపోతే నోట మాట రాక అరచెయ్యి అడ్డంగా ఊపేవాడు. ఆ చెయ్యి ఊపుడుకు అర్థమేమిటో హైవే పొడుగునా ప్రతి ఊరికీ తెలుసు.

ఆ రోజు చిరాగ్‌పల్లి మలుపు తిరిగాక మొదటి ఇంటి ముందు ఒక అవ్వ వాకిలి ఊడుస్తోంది. ఆమెకు ఒక్కడే కొడుకు, బొంబాయి లారీ మీద డ్రైవర్. వెళ్లి వారమైంది. అవ్వ తలెత్తి చూస్తే, తెల్లవారీ తెల్లవారకముందు, దవాఖాన కంపౌండర్ తన ఇంటి దిక్కు పరుగెత్తి వస్తున్నాడు.

చీపురు వదిలేసి కూలబడింది. “నా కొడుకా! బొంబాయి తొవ్వ మింగింది గదరా నిన్ను!” అని గుండెలు బాదుకుంది. చుట్టుపక్కల వాళ్లు ఉరికొచ్చారు. కంపౌండర్ సాబ్ ఆగాడు కానీ మాట్లాడలేడు. అంతదూరం ఎన్నడూ పరుగెత్తలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు.

“ఏమైంది సాబ్, చెప్పున్రి!” అని ఒకాయన భుజాలు పట్టి ఊపాడు.

ఏమీ కాలేదని చెప్పడానికి కంపౌండర్ సాబ్ అరచెయ్యి అడ్డంగా ఊపాడు.

ఇక ఊరంతా ఏడ్చింది. చెంబెడు నీళ్లు తాగి, ఊపిరి కూడదీసుకున్నాక ఆయన నోటి నుంచి మాట వచ్చింది. “ఎవ్వరు పోలే. నేను ఊకెనే ఉరుకుతున్న.”

“ఊకెనే?” అన్నారెవరో. అప్పుడు అవ్వ లేచింది.

“ఊకెనే ఉరుకుతవారా? దవాఖాన మనిషివి, తెల్లారంగ, మా ఊరి దిక్కు! నీ ఉరుకుడు మీద మన్నువడ! నా పానం పోయి మల్ల వచ్చింది గదరా!”

“తప్పయింది అవ్వా. రేపటిసంది ఇటు రాను.”

“రావద్దని ఎవరన్నరు? రా. గని మలుపు కాడికి రాంగనే ఒర్లు. అందరు మంచిగున్నరని ఒర్లు. నా చెవుల పడాలె. పడ్డంకనే నేను చీపురు వట్టుకుంట.”

ఈ కథ నేను ఇద్దరి దగ్గరా విన్నాను. ఒక్క దగ్గర తప్ప అంతా కలిసింది. చీపురు చేతిలోంచి జారిపడిందని అవ్వ అంటుంది. విసిరేసిందని, తన మోకాలికి తగిలిందని ఆయన అనేవాడు. తిట్టుకుంటూనే అవ్వ జొన్నరొట్టె మీద ఎర్రకారం వేసి పెట్టిందన్నది ఇద్దరూ ఒప్పుకున్నారు. తిరుగు ప్రయాణం ఆ ఊరి చెక్‌పోస్టు దగ్గర ఆగిన లారీలో. తర్వాత అదే అలవాటైంది. పోవడం పరుగు మీద, రావడం లారీలో.

వారానికి మూడు రోజులు, మంగళవారం, గురువారం, ఆదివారం, ఆయన చిరాగ్‌పల్లి వెళ్లేవాడు. మలుపు దగ్గర తల పైకెత్తి, “అందరు మంచిగున్నరూ...!” అని కేక పెట్టేవాడు. అవ్వ చీపురు పట్టుకునేది. ఆదివారాలు మాత్రం తిరిగివచ్చి తల తుడుచుకోకుండానే చర్చికి పోయేవాడు. “దేవుని కాడికి గూడ ఉరికే వస్తవా?” అని పాస్టరుగారు ఒకటి రెండుసార్లు అడిగి, ఆ తర్వాత వెనక బెంచీలో ఫ్యాను కింద చోటు ఉంచడం మొదలుపెట్టారు.

కేక రెండు పనులు చేసింది. ఒకటి, ఆయనకు గడియారమైంది. చేతి గడియారం కట్టేవాడు కాదు. మలుపు దగ్గర కేక ఒక్క ఊపిరిలో వస్తే ఆ రోజు బాగా పరుగెత్తినట్టు. మధ్యలో తెగితే తొందరపడి వచ్చినట్టు. గోడ మీదుగా నాకు చెప్పే లెక్క కూడా అదే. “ఇయ్యాల కేక తెగలే పేపరాయనా.” లేకపోతే, “ఇయ్యాల రెండు తునకలైంది. చెరుకు బండ్ల నడుమ ఆగి ఆగి ఉరికిన.”

రెండోది ఎవరూ అనుకున్నది కాదు. దారిలో ఊళ్ల వాళ్లు దవాఖానలో ఉన్న తమ వాళ్ల సంగతి ఆయన్నే అడగడం మొదలుపెట్టారు. ఆయన ఆగడు. పరుగెత్తుతూనే చెప్పేవాడు. “పెద్దాయన జావ తాగిండు!” “మీ కోడలికి ఆడపిల్ల, తల్లీపిల్ల మంచిగున్నరు!” ఫోన్లు లేని ఊళ్లకు పొద్దున్నే వచ్చే వార్త అది. నా పత్రిక మధ్యాహ్నం బస్సుకు వచ్చేది. ఆ సంగతి ఆయన నాకు తరచూ గుర్తు చేసేవాడు.

చెడ్డ సంగతి మాత్రం ఎన్నడూ కేక వేయలేదు. అలాంటి రోజు ఎవరినైనా వెంటబెట్టుకుని సైకిల్ మీద వెళ్లి, ఆ ఇంటి వాళ్ల పక్కన కూర్చునేవాడు. “మంచి కబురు ఉరుక్కుంట చెప్పొచ్చు. చెడ్డది కూసుండి చెప్పాలె” అనేవాడు. వార్డు తలుపు దగ్గర చెయ్యి ఊపడం కూడా మానేశాడు. చిరాగ్‌పల్లి వాకిట్లో ఆ చెయ్యి ఏం చేసిందో చూశాక దాన్ని మళ్లీ ఎత్తలేకపోయానని ఒకసారి అన్నాడు.

పందేల సంగతి. మొదటిది సంగారెడ్డిలో. “ఉరికేటోడు ఉత్త కడుపుతోని ఉరుకుతడా?” అని వదిన పొద్దున్నే మటన్ కూరతో రొట్టెలు పెట్టింది. ఆయన కాదనకుండా తిన్నాడు. సగం దారిలో కడుపు పట్టుకుని నడిచాడు. చేరేసరికి తాడు చుట్టేశారు, అతిథులు వెళ్లిపోయారు. ఒకాయన మిగిలి కుర్చీలు మడతపెడుతున్నాడు.

“ఏం గావాలె?” అన్నాడతను.

“పందెం.”

“అయిపోయింది గదా.”

“నాది గిప్పుడే అయిపోయింది.”

ఆ కుర్చీలాయన లేచి చెయ్యి కలిపాడట. ఆ విషయం నేను ఒక్క వాక్యంగా రాసి పంపాను. హైదరాబాద్‌లో తీసేశారు. “మంచిగైంది. ఆఖర్ల వచ్చిన సంగతి ఊర్ల తెల్వకుంట పోయింది” అన్నాడు కంపౌండర్ సాబ్.

మరుసటి ఏడు కాలేజీ పిల్లలతో సమానంగా మొదలుపెట్టి, డొక్కలో పోటు వచ్చి, కల్వర్టు మీద కూర్చుండిపోయాడు. ఆ తర్వాతి సారి ముందురోజే కొత్త బూట్లు కొని వేసుకున్నాడు. బొబ్బలెక్కి బూట్లు చేత పట్టుకుని వట్టికాళ్లతో ముగించాడు. చేసిన పొరపాటు మళ్లీ చేయలేదు. ప్రతిసారీ కొత్తది చేశాడు. అయినా ఏటేటా ముందుకు జరిగాడు. చివర నుంచి నడుమకు, నడుమ నుంచి ముందు పదిమంది లోపలికి వచ్చాడు. అంతలో మడమ నొప్పి పట్టుకుంది. ఒక వానకాలమంతా పరుగు లేదు.

ఆ వానకాలం రెండో వారంలో అవ్వ బస్సెక్కి దవాఖానకు వచ్చింది. మందుల కిటికీ ముందు వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక అడిగింది. “ఏమైంది సాబూ? వారమాయె, కేక లేదు. మీ ఇంట్ల అందరు మంచిగున్నరా?” మడమ చూపించాడు. అవ్వ అక్కడే నేల మీద కూర్చుని, కొంగున కట్టుకున్న ఆముదపాకు తీసి, కాలు పట్టుకుంది. కిటికీ ముందు వరుస అంతా నవ్వు. “కంపౌండర్ సాబ్‌కే మందు దొరికింది!” అన్నారు. నొప్పి తగ్గింది ఆకుతోనా విశ్రాంతితోనా అని నేను అడిగితే, “విశ్రాంతితోనే. గని అవ్వకు చెప్పకు” అన్నాడు.

ఎనభైల మొదట్లో మా ఊళ్లోనే పందెం పెట్టారు. యువజన సంఘం వాళ్ల ఏర్పాటు. జహీరాబాద్ బస్టాండు నుంచి చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దాకా. ముందు వచ్చిన ముగ్గురికి హైదరాబాద్ పెద్ద పందెంలో చోటు, ఛాతి మీద నంబరు. ఆయన ఏళ్లుగా పరుగెత్తే దారి. ఏ గుంత ఎక్కడుందో తెలిసిన దారి. వయసు నలభై దాటింది. ఇక ముందు ఇంతకంటే మంచి అవకాశం రాదని ఆయనకూ తెలుసు, ఊరికీ తెలుసు. కూరగాయల మార్కెట్లో కూడా ఆ వారం అదే మాట. వదిన ఆ పొద్దున రొట్టెలు చేయలేదు. ఒక అరటిపండు చేతిలో పెట్టి పంపింది.

నేను వెనక జీపులో ఉన్నాను కాబట్టి చూసింది రాస్తున్నాను. ముప్ఫై మంది దాకా బయలుదేరారు. చెరుకు కాటా దాటేసరికి ఆయన ఏడో ఎనిమిదో స్థానంలో ఉన్నాడు. దారి ఎగువకు పోయే చోట ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చాడు. చిరాగ్‌పల్లి మలుపు కనిపించేసరికి మూడోవాడు. నాలుగోవాడు న్యాల్‌కల్ నుంచి వచ్చిన కాలేజీ యువకుడు, ఒక పది అడుగుల వెనక. చెక్‌పోస్టు ఎదురుగా కనిపిస్తోంది. అక్కడ ప్రతి ఊపిరీ దాచుకోవాలి.

మలుపు దగ్గర కంపౌండర్ సాబ్ తల పైకెత్తాడు. “అందరు మంచిగున్నరూ...!”

ఒక్క ఊపిరిలో, తెగకుండా వేశాడు. నాకు జీపులోకి వినిపించింది. అవ్వ వాకిట్లో లేచి నిలబడి ఉంది, చీపురు గోడకు ఆనించి ఉంది. ముందు రోజు పందెం చాటింపు జహీరాబాద్‌లో వేశారు కానీ చిరాగ్‌పల్లిలో వేయలేదు. ముప్ఫై మంది మగవాళ్లు ఒక్కసారి తన ఇంటి దిక్కు పరుగెత్తి వస్తుంటే ఆమె ఏమనుకుని ఉంటుందో నేను తర్వాత అడగలేదు.

చెక్‌పోస్టుకు ముందు చివరి కొద్ది దూరంలో న్యాల్‌కల్ యువకుడు ఆయన్ను దాటాడు. కంపౌండర్ సాబ్ నాలుగోవాడు.

ఊళ్లో వారం పాటు అదే పంచాయితీ. “ఒర్లకుంట ఉంటే మూడో నంబరు నీదే గద సాబ్!” అన్నవాళ్లకు ఆయన ఒకటే చెప్పాడు. “ఓడింది నోటితోని కాదు, మోకాళ్లతోని. ఆ పిలగాని కాళ్లు చూసిన్రా?” కేక వల్లే పోయిందా అంటే నేను అవునని రాయలేను, కాదనీ రాయలేను. నేను చూసింది ఇంతే: కేక ముందు మూడు, కేక తర్వాత నాలుగు. ఆ సాయంత్రం గోడ దగ్గర మాత్రం “నంబరు పోయింది పేపరాయనా. కేక అయితే తెగలే” అన్నాడు. గురువారం మళ్లీ హైవే ఎక్కాడు.

రెండేళ్లకు, ఒక ఎండాకాలం గురువారం, హుమ్నాబాద్ అవతల అవ్వ కొడుకు లారీ బోర్లాపడింది. వెనక వచ్చిన లారీవాళ్లు అతణ్ని తెల్లవారకముందే మా దవాఖానకు తెచ్చారు. తొడ ఎముక విరిగింది. కంపౌండర్ సాబ్ కట్టు కట్టాడు, డాక్టర్ హైదరాబాద్ పంపించాడు. ప్రమాదం వార్త కోసం నేను అక్కడే ఉన్నాను. అవ్వకు ఎవరు చెప్పాలన్న మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన చేతులు కడుక్కుని బయటికి నడిచాడు, నేనూ వెంట నడిచాను. చిరాగ్‌పల్లి పోయే లారీ ఎక్కాం. మలుపుకు ఇవతలే ఆపించాడు.

“ఇక్కడెందుకు దిగినం?” అన్నాను.

“వాకిట్ల లారీల నుంచి దిగితే ముసల్ది లారీనే చూస్తది.”

“ఉరుకుతవా మరి?”

“ఉరికితే కేక వెయ్యాలె. వెయ్యలేను. నడుస్త.”

నడిచాం. అవ్వ వాకిట్లో నిలబడే ఉంది. పరుగు రోజు, పొద్దెక్కుతోంది, కేక వినపడలేదు. మలుపు తిరిగి నడిచి వస్తున్న మనిషిని చూసింది. ఏడవలేదు. దగ్గరికి వచ్చేదాకా చూస్తూ ఉంది.

“సాబూ, నడుచుకుంట వస్తున్నవు.”

“అవునవ్వా. కూసో.” ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు.

“ఉన్నడా?”

“ఉన్నడు. తొడ బొక్క ఇరిగింది. కట్టు నేనే కట్టిన. హైదరాబాద్ తోలిన్రు. మాట్లాడుతుండు, నిన్ను యాది చేసిండు.”

“గంతేనా?”

“గంతే.”

గుమిగూడిన వాళ్లలో ఒకామె గుసగుసగా, “దాస్తున్నరేమో అవ్వా. దవాఖానోళ్లు ముందుగాల గట్లనే చెప్తరు” అంది. అవ్వ ఆమె వైపు తిరిగింది. “గీయన దాయడు. ఇన్నేండ్లసంది ఒర్లుతుండు, ఒక్క దినమన్న అబద్ధం ఒర్లిండా?” లోపలికి వెళ్లి వేరే చీర కట్టుకుని, తలుపుకు తాళం వేసి వచ్చింది. హైదరాబాద్ దవాఖాన దాకా కంపౌండర్ సాబ్ ఆమె వెంటే వెళ్లాడు.

కొడుకు బతికాడు. కాలు కొంచెం ఈడుస్తాడు. లారీ మానేసి చెక్‌పోస్టు దగ్గర చాయ్ బండి పెట్టుకున్నాడు. అప్పటి నుంచి కంపౌండర్ సాబ్ పరుగు ఆ బండి దగ్గర ఆగేది. అల్లం చాయ్ ఒకటి, దాని వెంట అవ్వ తిట్టు ఒకటి. రెండూ వేడిగానే ఉండేవనేవాడు.

నంబరు సంగతి కూడా చెప్పాలి. ఎనభైలు సగం దాటాక హైదరాబాద్ పందెం వాళ్లు పెద్ద వయసు వాళ్లకు వేరే వరుస పెట్టారు. దానికి ఎంపిక అక్కర్లేదు. పేరు ఇస్తే చాలు. ఆయన పేరు ఇచ్చాడు. తోడుగా చాయ్ బండి యజమాని వెళ్లాడు, ఫ్లాస్కు నిండా చాయ్ తీసుకుని. ఒకప్పుడు పోలీసు ఆపిన ఆ రోడ్డు మీదే, ఛాతి మీద నంబరుతో, కంపౌండర్ సాబ్ పరుగెత్తాడు. ముందువాళ్లలో లేడు, వెనకవాళ్లలోనూ లేడు. ముగింపు తాడు దగ్గర తల పైకెత్తి తన కేక వేశాడట. నగరంలో ఎవరూ పట్టించుకోలేదు. ఫ్లాస్కు పట్టుకున్న మనిషి ఒక్కడే చప్పట్లు కొట్టాడు. నంబరు గుడ్డ విప్పకుండానే బస్సెక్కి ఊరికి వచ్చాడు. అది వాళ్ల ఇంట్లో క్యాలెండరు పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. ఆయనతో పాటు శవపెట్టెలో పెడదామా అని బుధవారం ఎవరో అడిగితే వదిన వద్దంది. “తెచ్చుకున్నది ఇంటికే. ఇంట్లనే ఉండనీయున్రి” అంది.

ఈ మూడు నెలలు ఆయన దవాఖాన మంచం మీద ఉన్నాడు. పరుగు ఆగలేదు. నాలుగైదేళ్లుగా ఆయన వెంట పరుగెత్తే వాళ్లు నలుగురున్నారు. వాళ్లలో కరెంటు ఆఫీసు లైన్‌మన్‌కు కేక పని అప్పగించాడు. మొదటి మంగళవారమే అవ్వ నుంచి ఫిర్యాదు వచ్చింది, మేక అరిచినట్టుందని. మంచం మీద నుంచి కంపౌండర్ సాబ్ అతనికి నేర్పించాడు. తల ఎట్లా ఎత్తాలి, ఊపిరి ఎక్కడ పట్టాలి. వార్డులో ఉన్న రోగులు కూడా వంతులవారీగా వేసి చూపించారు. అంత నవ్వు ఆ వార్డులో నేనెప్పుడూ వినలేదు.

మంగళవారం పొద్దున లైన్‌మన్, మిగతావాళ్లు దవాఖాన గేటు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. వదిన నన్ను పిలిచింది. “అవ్వకు ఎవరన్న చెప్పున్రి. ఉరికిపోయి చెప్పకున్రి.” నేను బస్సెక్కి మలుపుకు ఇవతల దిగి నడిచాను. అవ్వకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. వాకిట్లో మంచం మీద కూర్చుని చెవి అటు పెట్టి ఉంది.

“ఎవరది, నడుచుకుంట వచ్చేది?”

“నేనవ్వా. పేపరాయనను.”

అవ్వ మంచం మీద చెయ్యి తట్టి చోటు చూపించింది. “కూసో బిడ్డా. కూసుండి చెప్పు.” కూర్చుని చెప్పాను.

బుధవారం సమాధి చేసినప్పుడు కొడుకు చెయ్యి పట్టుకుని అవ్వ వచ్చింది. మట్టి వేసి, అందరూ పక్కకు వచ్చాక లైన్‌మన్ ఆమె దగ్గరికి వెళ్లాడు. రెండు రోజులుగా అతణ్ని తొలుస్తున్న మాట అదే.

“అవ్వా, ఆదివారం మేం ఉరుకుతం. గని మలుపు కాడ ఏమని ఒర్లాలె? సాబ్ పోయిండు గదా. అందరు మంచిగున్నరని ఎట్ల ఒర్లుత?”

“సాబ్ పోయిండని నాకు ఎరుకనే గదరా. కడమోళ్ల సంగతే నాకు ఎరుక లేదు. మీరు మంచిగున్నరా, సాబ్ ఇంటామె మంచిగున్నదా, దవాఖానల పండుకున్నోళ్లు మంచిగున్నరా? గది ఒర్లు. జర మేక లెక్క గాకుండ ఒర్లు.”

వదిన అప్పుడు రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

ఆదివారం ఆయన కోసం చర్చిలో ఆరాధన తొమ్మిది గంటలకు. వెనక బెంచీలో ఫ్యాను కింద చోటు ఖాళీగా ఉంచుతామని పాస్టరుగారు చెప్పారు. అంతకుముందు, ఐదుంబావుకు, నలుగురు దవాఖాన గేటు దగ్గర బయలుదేరుతారు. చెక్‌పోస్టు దగ్గర చాయ్ సిద్ధంగా ఉంటుంది. అవ్వ చీపురు గోడకు ఆనించి వాకిట్లో కూర్చుంటుంది. మలుపు దగ్గర కేక లైన్‌మన్‌ది.